ఆహాజు మాట భక్తి కాదా?

ప్రశ్న: సండే స్కూల్లో యూదా రాజుల పాఠం చెబుతున్నాను. యెషయా 7లో దేవుడే సూచన అడగమన్నా, ఆహాజు "అడగను, యెహోవాను శోధించను" అంటాడు. అది భక్తే కదా అని ఒక అమ్మాయి అడిగింది. పైగా ఆహాజు, అతని కొడుకు హిజ్కియా ఇద్దరూ మందిరంలోని బంగారం తీసి అష్షూరుకు ఇచ్చినవాళ్ళే. ఒకరిది అవిశ్వాసం, ఇంకొకరిది విశ్వాసం ఎలా అయింది?
— ఒక టీచర్, హనుమకొండ

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగింది ఆ అమ్మాయి. యెషయా 7 ఒక్కటే చదివితే జవాబు దొరకదు, పక్కనే 2 రాజులు 16 తెరవండి. సిరియా రాజు రెజీను, ఇశ్రాయేలు రాజు పెకహు కలిసి యెరూషలేము మీదికి వచ్చినప్పుడు ఆహాజు అష్షూరు రాజుకు పంపిన కబురు 7వ వచనంలో ఉంది: నేను నీ దాసుణ్ణి, నీ కుమారుణ్ణి. దావీదు సంతతి రాజు తనకు కుమారుడై ఉంటాడని దేవుడు మాట ఇచ్చాడు (2 సమూయేలు 7:14). ఆ కుమారుడి స్థానాన్నే ఆహాజు పరాయి రాజు కాళ్ళ దగ్గర పెట్టాడు. సూచన అడిగి, అది కనబడితే అష్షూరును నమ్ముకోవడానికి సాకు ఉండదు. "యెహోవాను శోధించకూడదు" అన్న ధర్మశాస్త్రపు మాట అతనికి అడ్డుతెర అయిందనే మేం అనుకుంటున్నాం.

యెషయా ప్రవక్త అతణ్ణి కలిసింది చాకిరేవు దారిలో, పై కొలను కాలువ దగ్గర. చెరువు తూము ఎంత ముఖ్యమో మన వరంగల్ పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు; ముట్టడిలో ఉన్న ఊరికి ఆ కాలువ అలాంటిది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు పంపిన అధికారి రబ్షాకే వచ్చి నిలబడ్డదీ సరిగ్గా అక్కడే (2 రాజులు 18:17). తండ్రికి పరీక్ష ఎదురైన చోటే కొడుక్కూ ఎదురైంది.

హిజ్కియా కూడా మొదట డబ్బుతోనే గండం గట్టెక్కాలని చూశాడు. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం కప్పం పడింది. తలాంతు అంటే 30 కిలోల పైమాటే. మందిరం తలుపుల బంగారు రేకులు కూడా ఊడదీశాడు. అయినా సైన్యం వచ్చింది. అప్పుడు గోనెపట్ట కట్టుకుని మందిరానికి వెళ్ళాడు, యెషయాకు కబురు పెట్టాడు, బెదిరింపు ఉత్తరాన్ని దేవుని ముందు పరిచాడు. తేడా ఇక్కడుంది. ఆ రోజుల్లోనే జబ్బు పడినప్పుడు అతను సూచన అడిగాడు కూడా. నీడ పది మెట్లు వెనక్కి జరిగింది, అదీ ఆహాజు నీడ గడియారం మీద (2 రాజులు 20:8–11)! అడగడమే శోధించడం కాదని మీ అమ్మాయికి ఇది చూపించండి.

మంచి రాజు, చెడ్డ రాజు అని పట్టిక మాత్రం గీయించకండి. బబులోను దూతలకు ఖజానా అంతా చూపించి యెషయా మందలింపు విన్న హిజ్కియా దగ్గర అది తేలిపోతుంది. దాని బదులు ఆపద వచ్చినప్పుడు ఎవరికి కబురు పంపాడు, ఏమన్నాడు అన్న రెండే ప్రశ్నలు ఇద్దరు రాజులకూ వేయించండి. క్రిస్మస్‌కు యెషయా 7:14 (కన్యక గర్భవతియై కుమారుని కనును అన్న వాగ్దానం) కంఠతా పట్టించేటప్పుడు 1వ వచనం నుంచే చదివించండి. ఆ వాగ్దానం పలికింది అడగనన్న ఈ ఆహాజు ముందేనని పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.