వలస పోయినవాళ్ళకే హెచ్ఐవీ ఎక్కువ అంటారు, ఊరి నుంచి పట్టుకెళ్తారా, పోయిన చోట అంటుతుందా?

మీరు అడిగినవి రెండు. గల్ఫ్ మెడికల్‌లో మీ బావగారిని అన్‌ఫిట్ అన్నారు, కారణం చెప్పలేదు, ఇంట్లో అందరూ హెచ్ఐవీయే అని ఏడుస్తున్నారు, అదొకటి. వలస పోయినవాళ్ళకే ఈ జబ్బు ఎందుకు ఎక్కువ అనేది రెండోది. నేను హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ ఆస్పత్రి ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ టెస్ట్ చేసి కౌన్సిలింగ్ ఇచ్చే సెంటర్‌లో, ఆరేళ్ళు కౌన్సిలర్‌గా చేశాను, అక్కడ చూసిందే చెప్తా.

ముందు బావగారి సంగతి. అన్‌ఫిట్ అంటే హెచ్ఐవీ అనే కాదండి. ఆ మెడికల్‌లో హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ కూడా చూస్తారు, ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా ఆపేస్తారు. దగ్గర్లో ఉన్న ఐసీటీసీకి తీసుకెళ్ళండి, టెస్ట్ ఫ్రీ. మొదటి కిట్‌లో రియాక్టివ్ (ఉండొచ్చు అని) వచ్చినా ఇంకో రెండు వేరే కిట్లతో చూశాకే పాజిటివ్ అంటారు, విషయం బయటికి పోదు. ఎక్కడికెళ్ళాలో తెలీకపోతే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

ఇక రెండోది. జగిత్యాల వైపు నుంచి ఒకాయన వచ్చాడు నా దగ్గరికి, సొంత జిల్లాలో చూపించుకుంటే ఎవరైనా గుర్తుపడతారని ఇంత దూరం బస్సెక్కి వచ్చాడు. గల్ఫ్‌లో వీసా రెన్యువల్‌కి రక్తం తీశారు, నాలుగో రోజు విమానం ఎక్కించేశారు. "ఏం రోగమో గూడ చెప్పలే మేడం, బట్టలు సర్దుకోమన్నరు, రెండు నెలల జీతం ఆడనే ఉండిపోయింది" అన్నాడు. మూడు టెస్టులూ పాజిటివ్. భార్యకి చేస్తే నెగెటివ్ వచ్చింది, ఆ మాట చెప్పగానే మనిషి కుర్చీలోంచి లేచి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు, చాలాసేపు లోపలికి రాలేదు.

ఊళ్ళో వాళ్ళేమో వీడు పుట్టుకతోనే చెడ్డవాడు అన్నట్టు మాట్లాడారట. కానీ ఆలోచించండి, పోయేటప్పుడు ఇదే టెస్ట్ పాసై పోయాడు కదా, మరి జబ్బు ఎక్కడ అంటినట్టు? యూరప్‌లో కూడా ఇదే తేలింది. 2013 నుంచి 2015 దాకా 9 దేశాల్లో హెచ్ఐవీ ఉన్న వలసవాళ్ళ మీద ఏమేస్ అని ఒక స్టడీ చేశారు, వాళ్ళ సీడీ4 లెక్కలు (రోగాలతో పోరాడే రక్తకణాల లెక్క, హెచ్ఐవీ ముదిరేకొద్దీ తగ్గుతుంది), ఎప్పుడొచ్చారు, ఎప్పుడు టెస్ట్ చేయించుకున్నారు అన్నీ కలిపి చూస్తే 63 శాతం మందికి ఆ దేశం వచ్చాకే అంటింది అని అంచనా వేశారు. వీళ్ళే మోసుకొస్తున్నారు అనే మాట సగానికి పైగా తప్పన్నమాట. అలా అని మన దగ్గర లేదని కాదు, 2021 లెక్కల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47, ఆంధ్రలో 0.67.

కారణం మనుషుల గుణం కాదు, బతుకు అలా ఉంటుంది. ఒక రూమ్‌లో పది మంది, రెండేళ్ళకోసారి ఇంటికి రావడం, భాష రాదు, కండోమ్ ఎక్కడ దొరుకుతుందో అడగాలన్నా సిగ్గు, అన్నిటికంటే పెద్దది టెస్ట్ అంటేనే భయం. ఎందుకంటే గల్ఫ్‌లో ఆ టెస్ట్ ఉన్నది మందులివ్వడానికి కాదు, పంపించేయడానికి. అందుకే అనుమానం ఉన్నా చేయించుకోరు, నా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి సీడీ4 200 లోపే, అంటే బాగా పడిపోయి, ఉండేది, అప్పటికే టీబీ. ఇంగ్లండ్‌లో 2012 అక్టోబర్ నుంచి వీసా ఉన్నా లేకపోయినా హెచ్ఐవీ మందులు ఫ్రీ చేశారు, నాకైతే అదే సరైన పద్ధతి.

మందులు మొదలెట్టాక కూడా వలస వదలదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీల్లోకి వచ్చిన ఒకావిడ మాత్రల డబ్బాలో దూది కుక్కి తెచ్చేది, పక్క గుడిసెకి గలగల వినపడకూడదని. ఎండాకాలం చివర్లో సీజన్ అయిపోగానే చెప్పకుండా వెళ్ళిపోయింది, ట్రాన్స్‌ఫర్ కాయితం తీసుకోలేదు, మళ్ళీ బట్టీలు మొదలయ్యాక వచ్చింది కానీ మధ్యలో అన్ని నెలలూ మందులు లేవు. వెళ్ళేముందు ఒక్క మాట చెబితే వాళ్ళ జిల్లాలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి రాసిచ్చేవాళ్ళం.

మీ బావగారికి ఒకవేళ పాజిటివ్ వచ్చినా రోజుకి ఒక మాత్ర, ఫ్రీ. మానకుండా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) టెస్ట్‌లో కనపడనంత తగ్గితే కలయిక వల్ల భార్యకి అంటదు. టెస్ట్‌కి మీ అక్కని కూడా తీసుకెళ్ళండి, ఆయన్ని ఒంటరిగా పంపకండి.