గొంతునొప్పి తగ్గాక కాళ్ల మీద ఎర్రమచ్చలు: మా పాప సంగతి

బాబుకి ఏడేళ్లు, గొంతునొప్పి తగ్గిన పది రోజులకి కాళ్ల మీద మచ్చలు వచ్చాయి, డాక్టరు గారు ఐజీఏ వాస్క్యులైటిస్ (సన్న రక్తనాళాల వాపు) అన్నారు, ఇది అంటుకుంటుందా, ఎప్పటికీ ఉండిపోతుందా అని అడిగారు కదండీ. మా పాపకి ఆరేళ్లప్పుడు అచ్చం ఇలాగే అయింది.

అంతకుముందు ఆదివారం ఆర్కే బీచ్‌లో ఇసుకలో ఆడింది, ఏ పురుగో కుట్టి ఉంటుందనుకున్నాం. మర్నాటికి మచ్చలు పిరుదుల దాకా పాకాయి. వానాకాలం, మా వీధిలో డెంగీ కేసులున్నాయి, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉన్నాయి. మొదట చూపించిన క్లినిక్‌లో ఎలర్జీ అని మాత్రలిచ్చారు. తగ్గకపోగా చీలమండలు వాచి పిల్ల నడవలేకపోయింది. అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన గాజుగ్లాసుతో మచ్చని నొక్కి చూపించారు. ఎరుపు పోలేదు. మామూలు దద్దురైతే నొక్కినచోట పాలిపోతుందట. ఇది చర్మం లోపల రక్తం చిమ్మిన మచ్చ.

అంటుకోదండీ. జలుబో గొంతు ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు ఒంట్లో తయారయ్యే ఐజీఏ అనే యాంటీబాడీ కొందరిలో సన్న రక్తనాళాల గోడల్లో పేరుకుని వాపు తెస్తుంది. ఎక్కువమంది పిల్లలకి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. కొందరికి తిరగబెడుతుంది, మాకూ నెల తర్వాత మచ్చలు మళ్లీ కనిపించాయి. పెద్దవాళ్లకి హెపటైటిస్ బి, సి వల్ల వచ్చే రకాలు వేరు, వాటి గురించి చదివి టెన్షన్ పడకండి.

నేను బతిమాలి చెప్పేది ఒక్కటే. మచ్చలు పోయాయి కదా అని మూత్రపరీక్ష మానకండి. ఐదో వారంలో మా పాప గంతులేస్తూ తిరుగుతోంది, ముఖంలో ఉబ్బు లేదు, మూత్రం రంగు మారలేదు. రిపోర్టులో మాత్రం ప్రొటీన్, ఎర్రకణాలు కనిపించాయి. కిడ్నీల మీద ప్రభావం ఇలా చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అందుకే మొదట వారం వారం, తర్వాత నెలనెలా మూత్రం, బీపీ చూపించాం. నాలుగో నెలకి అన్నీ మామూలయ్యాయి.

కడుపునొప్పితో మెలికలు తిరిగినా, వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం పడినా తెల్లారేదాకా ఆగకండి. పేగు పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదం ఉంది. మగపిల్లాడు కాబట్టి వృషణాల దగ్గర వాపు, నొప్పి ఉన్నా వెంటనే చూపించండి. కీళ్లనొప్పులకి షాపులో మాత్రలు కొని వేయకండి, కొన్ని కిడ్నీలకి మంచివి కావు.

బాబుకి మూత్రపరీక్ష చేయించారా? మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు. చేయించకపోతే రేపు పొద్దున్నే వెళ్లండి.