సీడీ రైటర్ వ్యాసం గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లినక్స్ 2.4 కెర్నల్ (సిస్టంకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) రోజుల్లో సీడీ రైటర్‌ని ఎలా పనిచేయించేవాళ్ళమో తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషం. కమాండ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఇదంతా ఎందుకు?" అనే ప్రశ్నకు మాత్రం ఎక్కడా జవాబు లేదు.

ఐడీఈ, స్కజీ అనేవి డ్రైవ్‌ని కంప్యూటర్‌తో కలిపే రెండు వేర్వేరు పద్ధతులు కదా, మరి ఐడీఈ కేబుల్‌కి తగిలించిన డ్రైవ్‌ని స్కజీ డ్రైవ్‌లా ఎందుకు చూపించాలి? అక్కడ మొదలుపెట్టు. సీడీలు రాసే సీడీరికార్డ్ ప్రోగ్రాంకి వచ్చింది స్కజీ భాష. మన ఇళ్ళల్లోని చవక రైటర్లకీ ఆ ఆజ్ఞలు అర్థమవుతాయి, కాకపోతే ఐడీఈ దారిలో రావాలి. మధ్యలో దుబాసీ పని చేసేది ఐడీఈ-స్కజీ మాడ్యూల్. ఈ నాలుగు ముక్కలు చెబితే, కెర్నల్‌లో ఏమేం ఉండాలో ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో స్కజీ ఎమ్యులేషన్, స్కజీ సీడీరామ్, స్కజీ జెనరిక్ ఎందుకు ఎంచుకోవాలో చదివేవాడికి సగం తెలిసిపోతుంది.

తర్వాత, ఎక్కడ దెబ్బతింటామో రాయి. నేను మొదటిసారి కెర్నల్‌ని కంపైల్ చేసినప్పుడు అన్నీ పెట్టాననే అనుకున్నాను. డ్రైవ్‌లని వెతికే సీడీరికార్డ్ స్కాన్‌బస్ కమాండ్ కొడితే, స్కజీ డ్రైవర్ తెరవలేకపోతున్నానని ఒకటే మాట. మామూలు ఐడీఈ సీడీరామ్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉండి, నా రైటర్‌ని ముందే పట్టేసుకుంది. రైటర్ (దాని పేరు హెచ్‌డీసీ) ఐడీఈ-స్కజీకి దక్కేలా, బూట్‌లో కెర్నల్‌ని ఎక్కించే లిలో ప్రోగ్రాం ఫైల్లో అపెండ్ లైనులో "హెచ్‌డీసీ=ఐడీఈ-స్కజీ" అని చేర్చాను. మూడుసార్లు రీబూట్ చేసినా అదే టెన్షన్! ఫైల్ మార్చాక లిలో కమాండ్ నడపాలని నాకు ఎవరూ చెప్పలేదు. నడిపి మళ్ళీ బూట్ చేస్తే స్కాన్‌బస్ జాబితాలో 0,0,0 పక్కన నా డ్రైవ్ పేరు కనబడింది. ఆ స్క్రీన్ నీ వ్యాసంలో ఉండాలి. ఖాళీ సీడీ పాడవకుండా ముందు డమ్మీ ఆప్షన్‌తో, లేజర్ రాయకుండా, ఒకసారి పరీక్షించుకోమనీ చెప్పు.

రైటర్‌కి "చక్రలేఖిని" అని పేరు పెట్టావు. షాపులో సీడీ రైటర్ అనే అడిగి కొన్నాం, అదే రాయి.

2.6 కెర్నల్ వచ్చాక ఈ ఎమ్యులేషన్ అక్కర్లేకుండా పోయింది, సీడీరికార్డ్‌కి డ్రైవ్ పేరు నేరుగా ఇస్తే చాలు. ఏ కెర్నల్ గురించి రాస్తున్నావో మొదటి లైనులోనే చెప్పకపోతే, ఎవరో పాపం ఒక ఆదివారమంతా పోగొట్టుకుంటారు.

ఇంకొకటి, పాత కెర్నల్‌ని లిలోలో అలాగే ఉంచమని నువ్వు రాయలేదు. కొత్తది బూట్ కాకపోతే నీ వ్యాసం చదివే కుర్రాడు ఆ పాతదాంతోనే సిస్టంలోకి వెళ్ళాలి. కంపైల్ మొదలుపెట్టే మేక్ డెప్ కమాండ్ కొట్టమనే చోటుకు ముందే ఆ మాట పెట్టి, తిరగరాసి పంపు.

మీ అన్నయ్య