రెండింట్లోనూ ఆరు ఎయిత్ నోట్లే కదా?

ప్రశ్న: కీబోర్డు నేర్చుకుంటున్నాను. 3/4, 6/8 టైమ్ సిగ్నేచర్లు (లయ లెక్క చెప్పే గుర్తులు) రెండింట్లోనూ బార్‌కు (నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగానికి) ఆరు ఎయిత్ నోట్లే (క్వార్టర్ నోట్‌లో సగం నిడివి ఉన్నవి) పడుతున్నాయి. మరి తేడా ఏమిటి?

జవాబు: లెక్క ఒకటే, విరుపు వేరు. 3/4లో బార్‌కు మూడు బీట్లు, ఒక్కో బీటు రెండు ఎయిత్ నోట్లు: తక తక తక. వాల్ట్జ్ అనే జంట నృత్యం నడక ఇదే. 6/8లో రెండే పెద్ద బీట్లు, ఒక్కోదానిలో మూడు: తకిట తకిట. ఐరిష్ జిగ్ నృత్య బాణీలు ఇలా నడుస్తాయి. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇది తిశ్ర గతిలో రెండు దెబ్బలు వేసినట్టే.

నొటేషన్‌లో నోట్లను కలిపే అడ్డగీత చూడండి. 3/4లో అది సాధారణంగా రెండేసి నోట్లను కలుపుతుంది (ఆరింటినీ కలపడమూ ఉంది), 6/8లో మూడేసి.

ఎక్కువమంది తడబడేది మెట్రోనోమ్ (పెట్టిన వేగంలో క్లిక్కులు వినిపించే పరికరం) దగ్గర. 6/8 పాట మీద చుక్క ఉన్న క్వార్టర్ నోట్ = 60 అని (అంటే నిమిషానికి 60 క్లిక్కులు) ఉంటే, ఆ ఒక్క క్లిక్కులో మూడు ఎయిత్ నోట్లు పట్టాలి. క్లిక్కుకు ఒక్కటే వాయిస్తే వేగం మూడోవంతుకు పడిపోతుంది. కష్టంగా ఉంటే 90 పెట్టి క్లిక్కుకు ఒక ఎయిత్ నోట్ వాయించండి, అది అసలు వేగంలో సగం. అయితే బార్‌లో ఒకటో, నాలుగో నోట్ల మీద మాత్రమే ఒత్తు పెట్టండి. ఆరూ సమానంగా కొడితే 6/8 నడకే ఉండదు.