మిక్సీ, ఫుడ్ ప్రాసెసర్: పాఠకుల సందేహాలకు జవాబులు

వంటింటి యంత్రాల గురించి సందేహాలు పంపమని కోరినప్పుడు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మిక్సీ, ఫుడ్ ప్రాసెసర్‌ల గురించే ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఫుడ్ ప్రాసెసర్ కొనిపెట్టాడు. అందులో కొబ్బరి పచ్చడి చేయబోతే ముక్కలు గిన్నె అంచులకు అంటుకున్నాయే గానీ మెదగలేదు. ఉల్లిపాయలు వేస్తే నీరుకారి ముద్దయిపోయాయి. ఇంట్లో మిక్సీ ఉండగా దీన్ని దేనికి వాడుకోవాలి?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ యంత్రంలో లోపమేమీ లేదండి, మిక్సీ చేయవలసిన పనిని దానికి అప్పగించారు. మిక్సీ జారు ఇరుకుగా ఉంటుంది, దాని చిన్న బ్లేడు ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి దాదాపు 18,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంది, కాబట్టి వేసిన పదార్థం మళ్లీ మళ్లీ బ్లేడు మీదే పడి నలుగుతుంది. విదేశీ బ్లెండర్లు మన పప్పులకూ మసాలాలకూ తాళలేకపోవడం చూసిన ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ 1960ల్లో ‘సుమీత్’ మిక్సీని తీసుకువచ్చింది సరిగ్గా ఈ రుబ్బే పని కోసమే. ఫుడ్ ప్రాసెసర్ పుట్టుక వేరు. ఫ్రాన్స్‌లో హోటళ్ల వంటశాలల కోసం తయారై, 1970ల్లో ఇళ్లలోకి వచ్చిన ఈ యంత్రానికి వెడల్పాటి గిన్నె, అంతకంటే ఎంతో నెమ్మదిగా తిరిగే పెద్ద బ్లేడు ఉంటాయి. తరగడం, తురమడం, కలపడం దాని పనులు. పచ్చళ్లు, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా పొడులు మిక్సీకే వదిలేయండి.

ఉల్లిపాయల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ యంత్రాన్ని మూలన పెట్టేసినవారిలో చాలామంది అక్కడే విసిగిపోయారు. ఒక్కో ఉల్లిపాయను నాలుగు ముక్కలు చేసి, గిన్నెలో సగానికి మించకుండా వేసి, ‘పల్స్’ మీట నొక్కి వెంటనే వదలండి. మొదటిసారి ముక్కలు గిన్నె గోడకు తగులుతూ టకటకమని గట్టిగా చప్పుడవుతుంది, రెండోసారికి ఆ చప్పుడు మెత్తబడుతుంది, మూడోసారికో నాలుగోసారికో గలగలమనే సన్నని శబ్దం మాత్రమే మిగులుతుంది. అక్కడ ఆపేయాలి. పెద్ద ముక్కలు ఒకటి రెండు మిగిలితే చేత్తో తరుక్కోవచ్చు గానీ, వాటికోసం మరో రెండుసార్లు తిప్పితే మిగిలినదంతా నీరుకారిపోతుంది.

హల్వాకు క్యారెట్ తురమాలంటే తురుము పళ్లెం పెట్టి, క్యారెట్‌ను మూత మీది గొట్టంలో నిలువుగా కాక అడ్డంగా పడుకునేటట్లు వేస్తే తురుము పొడవుగా వస్తుంది. చపాతీ పిండికి ప్లాస్టిక్ బ్లేడు బిగించి, పిండి, ఉప్పు, నూనె వేసి, యంత్రం తిరుగుతుండగా గొట్టంలోంచి నీళ్లు కొద్దికొద్దిగా పోయండి; పిండంతా ఒకే ముద్దగా చేరి గిన్నెలో చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే ఆపండి. ఒకసారికి ఎంత పిండి వేయవచ్చో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్ని మీరవద్దు. నా అభిప్రాయం అడిగితే, ఇద్దరి వంటకు కత్తిపీటే నయం, ఎందుకంటే గిన్నె, బ్లేడు కడిగేసరికి కలిసివచ్చిన సమయమంతా పోతుంది. పదిమందికి వండే రోజున మాత్రం ఈ యంత్రం నిజంగా చేతికి విశ్రాంతినిస్తుంది.

ప్రశ్న: చారు కోసం ఉడికిన టమాటాలను మిక్సీలో వేయగానే మూత ఎగిరి, వేడి గుజ్జు చేతి మీద పడింది. మూత గట్టిగానే పెట్టాను. ఎందుకిలా జరిగింది?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: మూత ఎంత గట్టిగా పెట్టినా ఇది జరగవచ్చు. వేడి గుజ్జును బ్లేడు ఒక్కసారిగా చిలికినప్పుడు అందులోంచి ఆవిరి ఉధృతంగా బయటికి వస్తుంది, జారులోని గాలి కూడా ఆ వేడికి వ్యాకోచిస్తుంది, వెళ్లే దారి లేక ఆ ఒత్తిడంతా మూతను ఎగదన్నుతుంది. కొన్నేళ్ల కిందట మా ఇంట్లోనూ అచ్చంగా ఇలాగే జరిగింది. పొయ్యి మీంచి దించిన టమాటాలను ఎండుమిరపకాయలతో సహా జారులో వేసి మీట తిప్పగానే గుజ్జు నా ముంజేతి మీద చిందింది. కారం కలిసిన ఆ మంట మర్నాటి దాకా తగ్గలేదు. అప్పటినుంచి ఉడికినదేదైనా వెడల్పాటి పళ్లెంలో పరిచి, వేలు పెట్టి చూసినప్పుడు వేడి తెలియనంతగా చల్లారేదాకా జారులో వేయడం లేదు.

తొందరగా కావాలనుకున్న రోజున మిక్సీ జోలికే వెళ్లకుండా, పప్పుగుత్తితో మెదిపి వడకట్టుకోండి. చారుకు అది చాలు. గోరువెచ్చగా ఉన్నదాన్ని వేయక తప్పకపోతే, జారులో సగానికి తక్కువగా వేసి, మూత మధ్యనుండే చిన్న బిళ్లను తీసి, ఆ రంధ్రం మీద మడతపెట్టిన గుడ్డ వేసి పట్టుకుని, అన్నిటికంటే తక్కువ వేగంలో మొదలుపెట్టండి. ఎప్పుడైనా చేయి కాలితే గాజులు, ఉంగరాలు తీసేసి, కాలినచోట 20 నిమిషాల పాటు కుళాయి నీరు ధారగా పడనివ్వండి. టూత్‌పేస్టు, పసుపు, మంచుగడ్డ ఏవీ పెట్టవద్దు. బొబ్బలు పెద్దవైనా, ముఖం మీద కాలినా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతుంటే మిక్సీ మధ్యలో ఆగిపోయింది, కమురు వాసన వచ్చింది. మోటారు కాలిపోయినట్లేనా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బహుశా కాలిపోలేదండి. భారం మితిమీరితే మోటారును కాపాడడానికి కరెంటును తెంచే ఒక రక్షణ స్విచ్చు చాలా మిక్సీలకు అడుగుభాగంలో ఉంటుంది. ప్లగ్గు తీసి, అరగంట చల్లారనిచ్చి, జారులోది కొంత తీసేసి, ఆ చిన్న బొత్తాన్ని నొక్కి చూడండి. తిరగకపోయినా, మళ్లీ కమురు వాసన వచ్చినా మెకానిక్కుకు చూపించాలి. కొత్త మిక్సీ మొదటి రెండు మూడుసార్లు వాడినప్పుడు మోటారు తీగల వార్నిష్ వేడెక్కి కొద్దిగా వాసన రావడం మాత్రం మామూలే.

మినప్పప్పు దగ్గరే ఈ ఇబ్బంది రావడానికి కారణం ఉంది. నలిగేకొద్దీ పప్పు చిక్కబడి జిగురుగా బ్లేడును పట్టేస్తుంది, మోటారు వేగం తగ్గి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉండడం వల్ల గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే తగ్గిపోతుంది. మన ఇళ్లలో ఇడ్లీ రవ్వ విడిగా కలుపుతాం గనుక రుబ్బవలసింది పప్పు ఒక్కటే. అందువల్ల మిక్సీతోనే సరిపెట్టుకోవచ్చు. పప్పు నాలుగు గంటలు నానాక, జారులో మూడోవంతుకు మించకుండా వేసి, ఫ్రిజ్‌లోని చల్లని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపుతూ రుబ్బండి. పిండి వేడెక్కకుండా ఉంటే పొంగు కూడా బాగుంటుంది. మిక్సీ అడుగున ‘30 నిమిషాలు’ అని రాసి ఉంటే ఏకధాటిగా అరగంట నడపవచ్చని కాదు. సాధారణంగా ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపే విడతలను లెక్కలోకి తీసుకుని చెప్పిన సమయం అది.

ప్రశ్న: ఫుడ్ ప్రాసెసర్‌లో ఉల్లిగడ్డలు తరిగినంక గిన్నె కడుగుతుంటే మా కోడలి వేలు లోతుగా తెగింది. ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలె?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ కోడలు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నానమ్మా. ఈ యంత్రాలతో చేతులు తెగేది అవి తిరిగేటప్పుడు మాత్రమే కాదు, కడిగేటప్పుడు కూడా. సబ్బు నీళ్లు నిండిన సింకులో బ్లేడును వేసి వదిలితే నురుగు కింద అది కనబడదు, మరొకరు వచ్చి గిన్నె కోసం చేయి పెడతారు. అందుకని బ్లేడు తీయగానే, మధ్యలోని ప్లాస్టిక్ పిడిని పట్టుకుని, కుళాయి కింద పొడవాటి పిడి ఉన్న బ్రష్షుతో అప్పటికప్పుడే కడిగి, పిల్లలకు అందని చోట పెట్టండి. గిన్నెలోది గరిటెతో తీసే ముందే బ్లేడును బయటికి తీయడం ఇంకా మంచిది. మిక్సీ జారులో బ్లేడు బిగించే ఉంటుంది కాబట్టి చేయి పెట్టకుండా, నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి మూతపెట్టి కొన్ని సెకన్లు తిప్పి, తరువాత బ్రష్షు వాడండి.

ముక్కలను గొట్టంలోకి తోయడానికి యంత్రంతో ఇచ్చిన కడ్డీ తప్ప వేలు గానీ, చెంచా గానీ వాడవద్దు. మీట ఆపిన తరువాత కూడా బ్లేడు క్షణకాలం తిరుగుతుంది, అది పూర్తిగా నిలిచేదాకా మూత తీయకండి. కారం పొడి పట్టినప్పుడైతే పొడి అణగడానికి మరో రెండు నిమిషాలు ఆగండి. మూత సరిగా బిగిస్తే తప్ప తిరగకుండా పెట్టిన తాళాన్ని పుల్లతోనో చెంచాతోనో నొక్కి నడపడం కొన్ని ఇళ్లలో చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. పని కాగానే స్విచ్చు ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు కూడా తీయండి.

బ్లేడును నెలకొకసారి వెలుతురులో పెట్టి, పగుళ్లున్నాయేమో చూడడం మరువకండి. 2016 డిసెంబరులో అమెరికాలో క్విజినార్ట్ ఫుడ్ ప్రాసెసర్ల బ్లేడ్లు రివెట్ల దగ్గర పగిలి, ముక్కలు ఆహారంలో కలుస్తున్నాయని దాదాపు 80 లక్షల యంత్రాల బ్లేడ్లను వెనక్కి పిలిచారు. పగులు కనబడితే ఆ బ్లేడును ఇక వాడకూడదు.

ప్రశ్న: ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకోవచ్చా?
– పాఠకుడు, డాలస్

జవాబు: అమెరికా ఇళ్లలో 120 వోల్టులు, మన దగ్గర 230. ఇక్కడి మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది. అక్కడి వోల్టేజీకి తయారుచేసి, 110 వోల్టులవిగా అమ్మే మిక్సీలనే కొనండి. ఇక్కడిదే తీసుకువెళ్లాలంటే 750 వాట్ల మిక్సీకి కనీసం 1,500 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, ప్రయాణాల్లో వాడే చిన్న కన్వర్టర్లు పనికిరావు. అక్కడి యంత్రాన్ని తెచ్చి ఇక్కడి సాకెట్లో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

ప్రశ్న: మిక్సీ జారు అడుగునుంచి నీళ్లు కారుతున్నాయి. కొత్త జారు కొనాలా?
– పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందుగా చూడవలసింది ఆ నీటి రంగు. వేసిన పదార్థమే పలుచగా కారుతుంటే అడుగున వాషరు అరిగి ఉంటుంది. నల్లగా, జిడ్డుగా వస్తే బ్లేడు తిరిగే బుష్షు అరిగి, లోపలి గ్రీజు, లోహపు అరుగుదల బయటికి వస్తున్నాయన్నమాట. అవి పచ్చట్లోకీ చేరతాయి కనుక బుష్షు మార్పించేదాకా ఆ జారును వాడకండి. రెండూ మిక్సీ మరమ్మతు దుకాణాల్లో దొరుకుతాయి, కొత్త జారు అవసరం లేదు. జారును కడిగాక బోర్లించి ఆరబెడితే బుష్షులోకి నీరు చేరకుండా ఎక్కువకాలం మన్నుతుంది.