బ్యానరు మీద 500, చాపల మీద 110

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర తెలుగు క్రైస్తవ సంఘం, 62 కుటుంబాలు. కిందటేడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ‘రెండేళ్లలో 500 మంది’ అని బ్యానరు కట్టాం. ఏడాది గడిచినా ఆదివారం వచ్చేది 110 మందే. మాకు దర్శనం (సంఘం ఎటు నడవాలన్న చూపు) కరువైందా, లక్ష్యమే తప్పా?
- సంఘ కార్యదర్శి, గజపతి జిల్లా

జవాబు: ఆ 500 ఎక్కడినుంచి వచ్చిందో కమిటీలో అడిగి చూడండి. ఎవరి దగ్గరా లెక్క ఉండకపోవచ్చు. ఇంటికి నలుగురనుకున్నా మీ 62 ఇళ్లలో ఉన్నది 248 మంది. వచ్చేది 110. ముందు ఆ మిగతా 138 మంది సంగతి తేల్చండి. సూరత్, విశాఖ పనులకు వెళ్లినవారెందరు, మంచాన పడ్డవారెందరు, అలిగి మానేసినవారెందరు?

హాజరు ఎనిమిది మామూలు ఆదివారాలు లెక్కపెట్టండి. క్రిస్మస్, మట్టల ఆదివారం, ఈస్టరు వద్దు. వరికోతల వారాలను విడిగా గుర్తు పెట్టుకోండి. కానుకలు పట్టే సమయంలో లెక్కిస్తే మేలు. ఆలస్యంగా వచ్చేవారు అప్పటికి వచ్చేసి ఉంటారు, ముందే లేచిపోయేవారు ఇంకా లేవరు. మగవారు, ఆడవారు, పిల్లలు వేర్వేరుగా రాయండి.

బ్యానర్ల మీద సామెతలు 29:18 వేయడం మామూలే. ఇంగ్లిషులో అది ‘దర్శనం లేనిచోట జనం నశిస్తారు’ అని ఉంటుంది. మన తెలుగు బైబిల్లో ఆ దర్శనం చోట ఉన్న మాట ‘దేవోక్తి’, అంటే దేవుని మాట. అంకె వేసుకోమని ఆ వచనం చెప్పడం లేదు. దర్శనం ఒక్క వాక్యంలో, ముసలమ్మకు కూడా గుర్తుండేలా ఉండాలి. లక్ష్యాలు ఏడాదికి రెండు చాలు.

మీకైతే మొదటిది పిల్లలదే అంటాం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. ఇప్పుడు ఒడియా మీడియం పిల్లలు కీర్తనలు నోటికి పాడతారు, తెలుగు బైబిలు చేతికిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. అందుకని ఇలా రాసుకోండి: ‘వచ్చే క్రిస్మస్ నాటికి సండేస్కూలు పిల్లల్లో 12 మంది మార్కు సువార్త మొదటి అధ్యాయం, 45 వచనాలూ, తడబడకుండా చదవాలి.’ ఇద్దరు టీచర్లు, ఆరాధనకు ముందు 45 నిమిషాలు, శనివారం సాయంత్రం మరో గంట. గుణింతాలు, వత్తులు అవగానే బైబిలు పట్టించకండి, ‘వెళ్లుచుండగా’ దగ్గరే బండి ఆగిపోతుంది. వాళ్లకు నోటికొచ్చిన కీర్తననే చార్టు మీద పెద్దక్షరాలతో రాసి, వేలు పెట్టి చదివించండి. పాట ముందే తెలుసు కాబట్టి అక్షరం త్వరగా పట్టుబడుతుంది. పుస్తకాలకు, చార్టులకు డబ్బు కానుకల ఖాతాలో ముందే పక్కన పెట్టండి. లేకపోతే మార్చి నాటికి టీచర్లే సొంత జేబులోంచి పెట్టుకుని విసిగిపోతారు.

రెండో లక్ష్యం ఆ 138 మందిలోంచే తీసుకోండి. నెలకు ఆరిళ్లు, పెద్దలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి.

బాప్తిస్మాల సంఖ్యను మాత్రం ఎక్కడా లక్ష్యంగా రాయకండి. మనసు మారడం కమిటీ తీర్మానంతో జరిగేది కాదు. పైగా ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం ఉంది. మతం మారే కార్యక్రమం గురించి దాన్ని జరిపించే గురువు 15 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలని 1989 నియమాలు చెబుతున్నాయి. బ్యానరు మీది అంకెను దారిన పోయేవాళ్లు ఎలా చదువుకుంటారో ఆలోచించండి.

లక్ష్యం పక్కన బాధ్యుడి పేరు, తేదీ, ఖర్చు మినిట్స్ పుస్తకంలో రాసి, పెద్దలందరి సంతకాలు తీసుకోండి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పది నిమిషాలు ఆ పేజీ చదవండి. పాస్టరుగారికి బదిలీ అయితే కొత్తగా వచ్చినవారి చేతిలో మొదట పెట్టాల్సింది ఆ పుస్తకమే.