2 లక్షల కిలోమీటర్లు తిరిగిన నాలుగు సిలిండర్ల ఆఫ్‌రోడ్ బండి కొనవచ్చా?

కొనవచ్చు, కానీ ఓడోమీటర్ అంకె కన్నా సర్వీసు రికార్డును, బండి అడుగుభాగాన్ని చూసి నిర్ణయించుకోవాలి. వేళకు ఆయిల్ మారుస్తూ హైవే మీద నిలకడగా నడిపిన ఇంజిన్ అరుగుదల తక్కువ. ఇలాంటి బండిని ఎక్కువగా తినేసేవి బురద, వాగు నీళ్లు, తుప్పు. ఉదాహరణకు, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ప్లగ్ విప్పి లోపలి ఆయిల్‌ను వేలితో తాకి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబారి ఉంటే లోపలికి నీరు చేరినట్టే, బేరింగులు, గేర్ల మీద ఆశ తగ్గించుకోండి. ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) తుప్పు ఇంకా చెడ్డది, ఇంజిన్‌నైనా మార్చుకోవచ్చు. అన్నట్టు, తళతళా కడిగిపెట్టిన ఇంజిన్ ఆయిల్ లీకును దాచవచ్చు.

నాలుగు సిలిండర్లకు నిటారు ఎత్తులు ఎక్కే సత్తా ఉండదనేది అపోహ. లో-రేంజ్ గేరు (నెమ్మదిగా, బలంగా లాగడానికి ఆఫ్‌రోడ్ బండ్లలో ఉండే అదనపు గేరు) చక్రాలకు చేరే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, సాధారణంగా రెండు రెట్లో, అంతకు మించో చేస్తుంది. వేగం మాత్రం అంతే తగ్గుతుంది.